నెలకోసారి వచ్చే గొడవ

ఈ వారం మేము రాసింది చూసి క్యాంపులో కొందరు నవ్వుతారని తెలుసు. ఆడవాళ్ళ సంగతి మనకెందుకు అంటారు. మొదట మేమూ నవ్వినవాళ్ళమే.

ఆమధ్య ఒక తమ్ముడు ఇంటికి డబ్బు పంపే ఫారం నింపించుకోవడానికి మా బల్ల దగ్గరికి వచ్చాడు. భార్య నెలకోసారి ఫోనులో ఊరికే ఏడుస్తుందట, అయినదానికీ కానిదానికీ అరుస్తుందట, "నేను చస్తే నీకు హాయి" అంటుందట. నాలుగు రోజులు పోతే మామూలే, "ఏం తిన్నావు" అని తనే అడుగుతుంది. గాలి సోకిందని వాళ్ళమ్మ తాయెత్తు కట్టించింది. ఇతను పుట్టింటికి పంపేద్దామనుకుంటున్నాడు. మాలో ఒకడు "డబ్బు తక్కువ పంపి ఉంటావులే" అని జోకు వేశాడు. తమ్ముడు నవ్వలేదు. తేదీలు అడిగి గోడ క్యాలెండరు మీద సున్నాలు చుట్టాం. మూడు నెలలూ గొడవ నెలసరికి ముందు వారంలోనే.

మేము గుమస్తాలం, డాక్టర్లం కాము. తెలుసుకున్నంత చెబుతాం. ఈ బాధ గురించి న్యూయార్కు డాక్టరు రాబర్ట్ ఫ్రాంక్ 1931లోనే రాశాడు. నెలసరి ముందు కాస్త చిరాకు, నడుం నొప్పి చాలామందికి ఉండేవే. మనిషిని కూలదోసేంత దిగులు, కోపం వస్తే దాన్ని పీఎండీడీ అంటారు. నూటికి మూడు నుంచి ఎనిమిది మందికి ఉంటుందని లెక్క. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని డిప్రెషన్ జబ్బుల వరుసలోనే చేర్చింది.

హార్మోన్లు ఎక్కువైతే వస్తుందనుకుంటాం. అలా కాదట. బెథెస్డాలోని ప్రభుత్వ పరిశోధకులు 1998లో హార్మోన్లను మందుతో ఆపి చూస్తే చాలామందికి బాధ తగ్గింది. తిరిగి ఇస్తే మళ్ళీ వచ్చింది. ఈ జబ్బు లేనివాళ్ళకు అవే హార్మోన్లు ఇచ్చినా ఏమీ కాలేదు. వాన అందరి మీదా ఒకటే, కొందరి ఇల్లే కురుస్తుంది. ఇందులో ఆ అమ్మాయి తప్పేముంది?

ఒక తేడా మాత్రం గమనించాలి. పీఎండీడీ అయితే నెలసరి మొదలైన కొద్ది రోజులకే తెరిపి వస్తుంది. నెల పొడుగునా దిగులుండి, నెలసరి ముందు ఇంకా ముదిరితే అది డిప్రెషనే కావచ్చు. ఈ తేడా తెలియాలంటే కనీసం రెండు నెలలు రోజూ మనసు ఎలా ఉందో రాసిపెట్టి డాక్టరుకు చూపించాలి. ఒక నోటుబుక్కు, పెన్ను చాలు.

మందులున్నాయి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్‌కు అమెరికా మందుల శాఖ 2000లో ఈ జబ్బుకూ అనుమతి ఇచ్చింది. డిప్రెషన్‌లో పనిచేయడానికి వారాలు పట్టే మందు దీనికి కొద్ది రోజుల్లోనే పనిచేస్తుంది, కొందరికి నెలలో రెండు వారాలు వేసుకుంటే సరిపోతుంది. అలాగని ఇక్కడ ఎవరి దగ్గరో మాత్రలు అడిగి పార్సిల్ పంపకండి బాబూ. అక్కడి డాక్టరు చూసి రాయాలి.

చస్తానన్న మాట మాత్రం నెలసరి కోపమని కొట్టిపారేయకండి. ఫోను పెట్టేయకండి. ఇంట్లో పెద్దవాళ్ళనో, పక్కింటి అక్కనో వెంటనే ఆమె దగ్గరికి పంపండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. 2022 నుంచి నడుస్తోంది. అమెరికాలో ఉన్న అక్కచెల్లెళ్ళకైతే 988.

తమ్ముడు వాళ్ళమ్మతో మాట్లాడాడు. తాయెత్తు ఉంచుకోమను, ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళు అన్నాడు. పుట్టింటి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ అమ్మాయి పిల్లాడి పాత నోటుబుక్కులో రోజూ ఒక మాట రాస్తోంది. ఒక నెల అయింది. రెండో నెల పేజీలు ఫోటో తీసి పంపుతుందట, ఈసారి డబ్బు కట్టడానికి వచ్చినప్పుడు మాకూ చూపిస్తానన్నాడు.