మునివేళ్ల నడక: పిక్కతోపాటు అరికాలినీ పరీక్షించండి



నాలుగేళ్ల పాప మునివేళ్ల మీదే నడుస్తోందని ఒక తల్లి అడిగిన ప్రశ్నకు గత ఆదివారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో వచ్చిన జవాబు చదివాను. పిక్క బిగుసుకుపోయింది, సాగదీసే వ్యాయామాలు చేయించండి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు తొడగండి, తగ్గకపోతే సిమెంటు కట్టు వేస్తారు అన్నారు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాకపోతే జవాబంతా మడమ వెనకే తిరిగింది. ఆ పాప అరికాలికి నేల ఎలా తెలుస్తోంది, చీలమండ ఎంత వంగి ఉందో తనకు తెలుస్తోందా అన్న ఊసే లేదు. పిల్లల ఫిజియోథెరపీ చేసేవాడిగా నా అభ్యంతరం అదొక్కటే.

కంగారు పెట్టడం నా ఉద్దేశం కాదని ముందే చెబుతాను. నడక నేర్చే రోజుల్లో, రెండు మూడేళ్ల దాకా మునివేళ్ల మీద నడవడం మామూలే. స్వీడన్‌లో అయిదున్నరేళ్ల పిల్లలను 1,436 మందిని పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 5 శాతం మంది ఏదో ఒక దశలో అలా నడిచినవాళ్లే. వాళ్లలో సగం మందికి పైగా ఆ వయసుకే మానేశారు. తర్వాత మళ్లీ చూస్తే, మిగిలినవాళ్లలోనూ కొందరు పదేళ్లు వచ్చేసరికి సర్దుకున్నారు. కాబట్టి ఆపరేషన్ అంటూ పరుగెత్తనక్కర్లేదు. అయితే ఏ బిడ్డ విషయంలో నిశ్చింతగా ఆగవచ్చో, ఏ బిడ్డ విషయంలో ఆగకూడదో పరీక్ష చేయకుండా తెలిసేదెట్లా?

‘ఇది అలవాటేనమ్మా, వేరే కారణం ఏమీ లేదు’ అని డాక్టరు అనాలంటే మిగతా కారణాలన్నీ కావని తేల్చుకుని ఉండాలి. సెరిబ్రల్ పాల్సీ, డుషేన్ కండరాల జబ్బు, వెన్నుపాము కింద అతుక్కుపోవడం, వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బులు, ఆటిజం, ఇన్నిటిలోనూ ఈ నడక కనిపించవచ్చు. వీటిలో నరాల జబ్బులను, వెన్ను సమస్యను పట్టుకోవడానికి స్పర్శ పరీక్ష కూడా ముఖ్యం. ఓపీలో నేను చూసేదేమిటంటే, మోకాలు చాచి పాదాన్ని పైకి వంచి చూస్తారు, సుత్తితో ఒకసారి కొడతారు, అంతటితో ‘నరాలు బాగానే ఉన్నాయి’ అని చీటీ మీద రాసేస్తారు. స్పర్శ చూడకుండా ఆ మాట ఎలా రాస్తారు?

పరీక్ష పెద్ద తతంగం కాదు. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, బొటనవేలిని రెండు పక్కల నుంచి పట్టుకోవాలి. పైనా కిందా పట్టుకుంటే మన వేలి ఒత్తిడే జవాబు చెప్పేస్తుంది. కళ్లు తెరిచి ఉండగా ‘ఇది పైకి, ఇది కిందకి’ అని చూపించి, తర్వాత చున్నీ అడ్డం పెట్టి వేలిని కాస్తంత కదిపి ‘పైకా, కిందకా?’ అని అడగాలి. ఊహించి చెప్పినా సగం సార్లు ఒప్పే అవుతుంది కాబట్టి ఒకటి రెండు సార్లతో సరిపెట్టుకోకూడదు. ఆ తర్వాత 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను మోగించి బొటనవేలి ఎముక మీద ఆనించి, జుమ్మనడం ఎప్పుడు ఆగిందో చెప్పమనాలి. దూదితో అరికాలు తాకి చూడాలి. కీళ్ల స్థితి, కంపనం ఈ రెండు కబుర్లూ వెన్నుపాము వెనక భాగం నుంచే మెదడుకు చేరతాయి. అందుకే రెండూ కలిపి చూడాలి. అయిదేళ్ల లోపు పిల్లల జవాబులను పూర్తిగా నమ్మలేం, నిజమే. ఆటలా ఆడించి, మరోరోజు మళ్లీ చూడాలి. దానికి ఓపిక కావాలి, యంత్రాలు అక్కర్లేదు.

స్పర్శ తేడా అనగానే చాలామంది మొద్దుబారడమే అనుకుంటారు. ఆస్ట్రేలియాలో సిలీ విలియమ్స్ బృందం గమనించింది దానికి తలకిందులు: కారణం తెలియకుండా మునివేళ్ల మీద నడిచే పిల్లల బొటనవేలు తోటివాళ్లకంటే సన్నని కంపనాన్ని కూడా పసిగట్టింది. ఈ నడకకు ఇదే కారణమని దీనితో రుజువైపోదు. కానీ ఇసుకలో దిగనని, తడి బండ మీద కాలు పెట్టనని మారాం చేసే పిల్లలను చూసిన నాకు ఇది వింతగా తోచలేదు. అలాంటి బిడ్డకు పిక్క సాగదీతతోపాటు అరికాలిని రకరకాల నేలలకు మెల్లగా అలవాటు చేయడం కూడా ప్రయత్నించి చూడాల్సిన పనే.

ఇళ్లలో ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. ‘మడమ ఆనించు’ అని పొద్దస్తమానం కేకలు. అడుగేస్తే కీచుమనే చెప్పులు కొనిస్తే మడమ ఆనిస్తుందని ఆశ. చెప్పినంతసేపూ బిడ్డ ఆనిస్తుంది, పరుగందుకోగానే మళ్లీ మునివేళ్లే. దాన్ని మొండితనం కింద జమకట్టి దెబ్బలు వేసేవాళ్లూ ఉన్నారు.

ఒక్క కాలితోనే అలా నడుస్తున్నా, ఇన్నాళ్లూ బాగా నడిచి కొత్తగా మొదలుపెట్టినా, నేల మీంచి లేవడానికి తొడల మీద చేతులు ఆన్చుకుంటున్నా, నడుము కింద వెంట్రుకల కుచ్చు ఉన్నా, మూత్రం ఆపుకోలేకపోతున్నా ఆలస్యం చేయకూడదు. మీ జవాబులో కనీసం ఈ నాలుగు ముక్కలైనా ఉండాల్సింది.

ఇక ప్రభుత్వానికి ఒక మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. మూడేళ్లు దాటినా మునివేళ్ల మీద నడిచే బిడ్డ కనిపిస్తే స్పర్శ, కీళ్ల స్థితి చూసి, తేడా ఉంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలని వాళ్ల శిక్షణలోనే చెప్పాలి. డాక్టర్లకు తీరిక లేదంటారు. ఒప్పుకుంటాను. మాలాంటి ఫిజియోథెరపిస్టులకు అప్పగించవచ్చు. ఖర్చు మాటకొస్తే, బృందానికి ఒక ట్యూనింగ్ ఫోర్క్, కాస్త దూది చాలు.

– ఒక ఫిజియోథెరపిస్టు, ఏలూరు