మారుతి 800కి టర్బో పెడదాం... ముందు బ్రేకుల సంగతి చూద్దాం

హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే మెకానికల్ వాళ్ల గదిలో ఒక చర్చ మొదలవుతుంది. పాత మారుతి 800లో కొత్త టర్బో ఇంజిన్ పడుతుందా? పడుతుందని కొందరు, వెల్డింగ్ మెషీన్ ఉంటే ఏదైనా పడుతుందని మిగతావాళ్లు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పడుతుంది, పెట్టాలి కూడా. కానీ అంతకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఆ కారు ఆగుతుందా? ఆగుతుందని ఎవరు సంతకం పెడతారు?

800 మీద మన మోజు ఊరికే వచ్చింది కాదు. 1983 డిసెంబర్ 14న తొలి కారు తాళంచెవి యజమాని చేతికి వెళ్లింది. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలు వచ్చిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి కాబట్టి ఇక్కడ అమ్మకాలు అప్పుడే ఆగాయి. అయినా పాతబస్తీలో, షాలిబండ గల్లీల నుంచి బహదూర్‌పురా దాకా, ఇప్పటికీ 800 కనిపిస్తూనే ఉంటుంది. పెద్ద కారు ఇరుక్కుపోయే మలుపులో అది ఒక్క కోతకే తిరిగేస్తుంది. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. పాత 800 ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, సుమారు 37 హార్స్‌పవర్, టార్క్ 59 న్యూటన్ మీటర్లు. 2017లో బాలెనో ఆర్ఎస్‌లో వచ్చిన బూస్టర్‌జెట్ ఇంజిన్‌కీ మూడే సిలిండర్లు, 998 సీసీ. శక్తి మాత్రం 102 పీఎస్, టార్క్ 150. అంటే దాదాపు 650 కేజీల బండికి రెండున్నర రెట్ల పైచిలుకు శక్తి. చదవగానే నోరూరుతుంది, నిజమే.

కానీ ఇంజిన్ ఒక్కటే ఊడదీసి పెట్టేది కాదు. 59 టార్క్‌కి తయారైన గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్ట్‌లు 150 ముందు ఎన్నాళ్లు నిలుస్తాయి? బూస్టర్‌జెట్‌ది డైరెక్ట్ ఇంజెక్షన్. దానికి హై ప్రెషర్ పంపు కావాలి, ఈసీయూ కావాలి, ఆ ఈసీయూ వెతుక్కునే సెన్సర్లన్నీ కావాలి. కార్బురేటర్ 800కి ఇవేవీ తెలియవు. ఇంటర్‌కూలర్‌కి ఎదురుగాలి తగలాలి. మే నెల మధ్యాహ్నం మదీనా నుంచి చార్మినార్ దాకా పాకుతూ పోయే ట్రాఫిక్‌లో గాలి ఎక్కడిది బాస్?

అసలు భయం వేరే ఉంది. 80 వేగంతో పోతున్న కారులోని గతిశక్తి కన్నా 140 వేగంలో ఉండేది మూడు రెట్లు ఎక్కువ. వేగం వర్గంతో పెరుగుతుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. ఆ శక్తినంతా వేడిగా మార్చాల్సింది 12 అంగుళాల చక్రాల్లో ఇమిడిన బ్రేకులు, అందులోనూ వెనకవి డ్రమ్ములు. నడిపేవాడు సరదాపడి తెచ్చుకున్న ప్రమాదం అనుకుందాం. పత్తర్‌గట్టీలో రోడ్డు దాటుతున్న ముసలాయన ఏ సరదాపడ్డాడు?

అలాగని ఇది పిచ్చి ఆలోచన అనను. సుజుకీయే చేసి చూపించింది. మన 800కి 1986లో కొత్త రూపం ఇచ్చిన జపాన్ ఆల్టోకే 1987లో ఆల్టో వర్క్స్ అనే రకం వచ్చింది. 543 సీసీ ఇంజిన్‌కి టర్బో పెట్టి 64 పీఎస్ రాబట్టారు. టర్బో మన బండి వంశంలోనే ఉంది. తేడా ఏంటంటే, అక్కడ ఆ కారుకి కంపెనీ పూచీ ఉంది.

మన దగ్గర పూచీ పడేవాళ్లు లేరు. నైపుణ్యం మాత్రం కావలసినంత ఉంది. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసి రండి. సుధాకర్ గారు పాత సామాను, పాత ఇంజిన్లతో బూటు, బ్యాటు, బర్గర్ ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005లో అతిపెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డు కూడా కొట్టారు. అలాంటి చేతులు ఈ బస్తీలో ఇంకా ఉన్నాయి. లేత్ మీద మిల్లీమీటర్ తేడా రాకుండా బుష్ తిప్పే ఉస్తాద్‌కి డిగ్రీ ఉండదు, మనకి డిగ్రీ వస్తుంది కానీ ఆ చెయ్యి ఉండదు.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. సీఎన్‌జీకో బ్యాటరీకో మార్చుకోవాలంటే మాత్రం అనుమతితో దారి ఉంది. పాత పెట్రోల్ బండిని ఎలక్ట్రిక్ చేయడానికి పరీక్షించిన కిట్ ఉంటే చాలు, పాత పెట్రోల్ ఇంజిన్ తీసి ఇంకా శుభ్రంగా మండే కొత్త పెట్రోల్ ఇంజిన్ పెట్టడానికి పరీక్షే లేదు. పరీక్ష లేనిచోట పని ఆగదు, షట్టర్ దించి రాత్రిపూట జరుగుతుంది. రేపు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేసే అవకాశం ఉంది.

బ్రిటన్‌లో ఇంజిన్ మారిస్తే రవాణా శాఖకి చెప్పి కాగితాల్లో రాయించుకోవాలి. జర్మనీలో పెద్ద మార్పులను నిపుణులు పరీక్షించి ఆమోదించాకే రోడ్డెక్కాలి. అంత దూరం ఎందుకు, బాజా పోటీలకు వెళ్లొచ్చిన సీనియర్లని అడగండి. బ్రేక్ టెస్ట్‌లో నాలుగు చక్రాలూ లాక్ కాకపోతే బండిని డైనమిక్ ఈవెంట్లకి రానివ్వరు. చిన్న ఇంజిన్ బగ్గీకే ఆ నియమం పెట్టినప్పుడు, నడిరోడ్డు మీద తిరిగే వంద గుర్రాల 800కి అక్కర్లేదా?

కాబట్టి నా వాదన ఇదీ. ఇంజిన్ మార్పుకి తలుపు తెరవండి, గుమ్మంలో పరీక్ష పెట్టండి. బ్రేకులు, మౌంట్లు, పొగ, చాసిస్ పట్టు పాసైతే ఆర్‌సీలో ఎక్కించండి, ఫెయిలైతే బండి కదలొద్దు. ప్రభుత్వం కదలడానికి టైమ్ పడుతుంది, మనకి పట్టక్కర్లేదు. ఈసారి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి నెట్‌లో దొరికే పాత రిపోర్టు దింపడం మానేసి, ఒక ముసలి 800ని వర్క్‌షాప్‌లోకి తోద్దాం. ఒక ఉస్తాద్‌ని గురువుగా పిలుద్దాం, గౌరవంగా, ఫీజిచ్చి. మొదటి సెమిస్టర్ మొత్తం బ్రేకులే. ఇంజిన్ రెండో సెమిస్టర్లో.