శిఖరం మీద జెండా, కింద మునిగిన బడి

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరంపై నిలిచారు. ఆ విజయం మనందరిదీ అని గర్వంగా చెప్పుకుంటాం. మరి ఆ కొండకు వచ్చిన కష్టం మాత్రం మనది కాదా?

ఎవరెస్టుపై సుమారు 7,900 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ కోల్ హిమానీనదం పాతికేళ్లలో దాదాపు 54 మీటర్ల మందం కోల్పోయిందని 2022లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంత మంచు పేరుకోవడానికి సుమారు 2 వేల ఏళ్లు పట్టిందట!

తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది. అది పోతే బయటపడిన నల్లరాయి ఎండను పీల్చుకొని పక్కనున్న మంచునూ కరిగిస్తుంది. వేడి పెరిగేకొద్దీ మంచుగా పడాల్సింది వానగా కురుస్తుంది. మంచు దాచుకున్న సొమ్ము లాంటిది, వేసవిలో కొద్దికొద్దిగా నీరిస్తుంది. వాన అలా ఆగదు, కురిసిన రోజే లోయలోకి ఉరుకుతుంది. కరిగిన నీరు రాళ్లూ మట్టీ పేరుకున్న కట్టల వెనుక సరస్సులుగా నిలుస్తుంది. ఆ కట్ట తెగితే కింది ఊళ్లకు ముప్పే.

2024 ఆగస్టు 16న నేపాల్‌లోని థామే గ్రామంలో జరిగింది అదే. అది టెన్సింగ్ నార్గే పెరిగిన ఊరు. పైనున్న హిమ సరస్సు తెగి వరద వచ్చింది. ఇళ్లు, బడి, ఆరోగ్య కేంద్రం దెబ్బతిన్నాయి. పట్టపగలు కనుక ప్రాణాలు దక్కాయి. అదే అర్ధరాత్రి అయితే?

అక్కడి షేర్పాలు ఫ్యాక్టరీలు పెట్టి పొగ వదిలినవారు కారు. పొగ ఒకరిది, వరద ఇంకొకరిది. దీన్ని ప్రకృతి వైపరీత్యమని సరిపెట్టుకోవడం అన్యాయం.

దారి లేకపోలేదు. 2016లో నేపాల్ సైన్యం ఇమ్జా సరస్సుకు కాలువ తవ్వి నీటిమట్టాన్ని 3 మీటర్లకు పైగా తగ్గించింది. చిన్న సరస్సులపైనా ఇలాంటి శ్రద్ధ కావాలి. నేపాల్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కే విదేశీయుల ఫీజు 2025 సెప్టెంబరులో 11 వేల డాలర్ల నుంచి 15 వేల డాలర్లకు పెరిగింది. ఆ సొమ్ములో మొదటి వాటా సరస్సుల కాపలాకు, ముందస్తు హెచ్చరికలకు దక్కాలని నా అభిప్రాయం. భూమిని వేడెక్కించిన ధనిక దేశాలూ ఇందుకు డబ్బివ్వాలి. దయతో కాదు, బాకీ తీర్చినట్లు.

మిత్రులారా! ఊళ్లో ఉన్న ఒక్క బడీ పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇకపై ఎవరెస్టు మీద వ్యాసం రాసినా, ఉపన్యాసమిచ్చినా శిఖరం ఎత్తుతో పాటు థామే బడి సంగతీ చెబుదాం.