మరియమ్మ రాకెట్ నడిపితే నమ్మరా?

ఈ వేసవి సెలవుల్లో ఎన్.కె. జెమిసిన్ రాసిన 'బ్రోకెన్ ఎర్త్' నవలలు మూడూ చదివాను. 'ద ఫిఫ్త్ సీజన్' (2015), 'ది ఒబెలిస్క్ గేట్' (2016), 'ద స్టోన్ స్కై' (2017). మూడూ కలిపి వెయ్యి పేజీలు దాటతాయి. సైన్స్ ఫిక్షన్‌లో ఒక సిరీస్‌ని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదవడం నాకిదే మొదటిసారి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ముప్పై దాటాక మొదటిసారి. ఇది పుస్తక పరిచయం కాదు. ఇలాంటి పుస్తకం మన చేతికి ఇంత ఆలస్యంగా ఎందుకొస్తుంది, మనలో ఒకరు ఇలాంటిది రాస్తే ఏం జరుగుతుంది, అదీ విషయం.

సాహిత్య పరిశోధనలో ఒక అలవాటుంది. దళిత విద్యార్థి వస్తే టాపిక్ ముందే సిద్ధంగా ఉంటుంది. దళిత కవిత్వం, దళిత కథ, దళిత ఆత్మకథ. గొప్ప టాపిక్కులే, కాదనను. వాటి కోసం మనవాళ్ళు కొట్లాడి చోటు సంపాదించారు. కానీ పక్క కుర్చీలో కూర్చున్నవాడు ప్రబంధాల నుంచి పోస్ట్‌మోడర్నిజం దాకా ఏదైనా ఎంచుకోవచ్చు. మనకి మాత్రం మన గాయమే సిలబస్. పత్రికల్లోనూ ఇదే పద్ధతి. మన దగ్గర్నుంచి వాళ్ళకి కావాల్సింది ఒకటే, వాడ. అది కూడా ఏడుస్తున్న వాడ.

నా క్లాసులో ఒకమ్మాయి ఉండేది. ఊరూ పేరూ చెప్పను. తను ఒక కథ రాసింది. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక నౌక, దాన్ని నడిపే పైలట్ మరియమ్మ. అది ఆ పిల్ల నాయనమ్మ పేరు. కథలో ఎవరూ ఎవర్నీ కులం అడగరు. దాన్ని ఒక పత్రికకి పంపింది. సంపాదకుడు ఫోన్ చేసి భాష బాగుందన్నాడు. ఆ తర్వాత రెండు మాటలన్నాడు. "ఇందులో మీ జీవితం కనపడట్లేదమ్మా." "మరియమ్మ రాకెట్ నడపడం నమ్మశక్యంగా లేదు." మీ వాడలో జరిగిందేదైనా రాసి పంపు, తప్పకుండా వేస్తానన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ పిల్ల ఆ తర్వాత కథ రాయలేదు.

ఈ 'నమ్మశక్యం' సంగతేంటో చూద్దాం.

'ఆదిత్య 369' (1991)లో టైమ్ మెషీన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో దిగితే నమ్మాం. 'కల్కి 2898 ఏడీ' (2024)లో మహాభారత యుద్ధం నాటి అశ్వత్థామ వేల ఏళ్ళ తర్వాత కూడా బతికుంటే నమ్మాం. ఇంకో ఎనిమిది వందల డెబ్బై ఏళ్ళు గడిచినా లోకాన్ని కాపాడ్డానికి విష్ణుమూర్తి పదో అవతారమే కడుపున పడాలంటే, అదీ నమ్మాం. కాలం వెనక్కి తిరగొచ్చు. మనిషి చావకుండా ఉండొచ్చు. నౌక మరియమ్మ చేతిలో ఉన్నప్పుడే కథకి లాజిక్ కావాల్సొస్తుంది. ఇక్కడ అడ్డుపడింది భౌతికశాస్త్రం కాదు, ఆ పేరు.

ఇప్పుడు జెమిసిన్ ఏం రాసిందో చెప్తాను.

ఒకే ఒక పెద్ద ఖండం. దాని పేరు స్టిల్‌నెస్. కదలనిది అని పేరే గానీ, ఆ నేల ఎప్పుడూ కంపిస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడూ ఏ భూకంపమో అగ్నిపర్వతమో విరుచుకుపడి, బూడిద సూర్యుణ్ణి కమ్మేసి, ఏళ్ళ తరబడి చలికాలం నడుస్తుంది. దాన్నే ఐదో ఋతువు అంటారు. ఆ కాలాన్ని దాటి బతకాలనే పేరుతో మనుషుల్ని పనుల వారీగా పంచేశారు. ఆ పంపకానికి రచయిత్రి పెట్టిన పేరు 'యూజ్-కేస్ట్'. అవును, కేస్ట్ అనే మాటే వాడింది. బరువులు మోసే కులం, పిల్లల్ని కనే కులం, కొత్తవి కనిపెట్టే కులం, పెత్తనం చేసే కులం. పుట్టుకతోనే వస్తుంది. సొంత పేరు, కులం, ఊరు, మూడూ కలిపితేనే మనిషి పేరు. "మీరేమిట్లు?" అని అడిగే పని కూడా లేదు.

ఈ కులాలన్నిటికీ బయట ఒరోజీన్లు ఉంటారు. నేల కదలికని ఒంటితో పసిగట్టి, దాన్ని ఆపగలిగినవాళ్ళు, రేపగలిగినవాళ్ళు. చట్టం దృష్టిలో వాళ్ళు మనుషులే కారు. వాళ్ళని పిలవడానికి 'రొగ్గా' అని ఒక తిట్టు ఉంది. అలాంటి మాటలు మనకి ఎన్ని తెలుసో నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఎవరికైనా ఆ శక్తి ఉందని బయటపడితే చంపేస్తారు, లేదా రాజధానికి అప్పజెప్తారు. అక్కడ ఫుల్‌క్రమ్ అనే సంస్థ వాళ్ళకి తర్ఫీదిచ్చి, కాపలా పెట్టి, పనికి పంపుతుంది.

అదుపులోకి రాని పిల్లల్ని ఏం చేస్తారో మొదటి నవలలో ఒకచోట వస్తుంది. రహదారుల వెంట నోడ్ స్టేషన్లు ఉంటాయి. వాటిల్లో ఆ పిల్లల మెదడుకి కోత పెట్టి, కుర్చీలో కట్టేసి, గొట్టాలతో బతికిస్తారు. ఆలోచన పోతుంది. భూకంపాన్ని అణిచే గుణం మాత్రం మిగులుతుంది. దానివల్ల చుట్టుపక్కల ఊళ్ళు నిశ్చింతగా నిద్రపోతాయి. ఆ పేజీ దగ్గర నాకు అమెరికా గుర్తురాలేదు. మ్యాన్‌హోల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయే మన మనుషులు గుర్తొచ్చారు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దింపడం నేరమని 2013లో చట్టం చేశారు. దింపుతూనే ఉన్నారు. నగరం శుభ్రంగా ఉంటోంది.

ఒరోజీన్లు లేరు, స్టిల్‌నెస్ అనే ఖండం లేదు. ఆమె రాసిందేదీ జరగలేదు. అయినా ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి. జెమిసిన్ నల్లజాతి స్త్రీ. ఆమె తన దినచర్య రాయలేదు. తన ప్రజల చరిత్రని ముడిసరుకు చేసుకుని ఒక లోకాన్ని కట్టింది. ఆ హక్కు ఆమెకుందని మన విమర్శకులెవరూ కాదనరు. ఒంగోలు పక్క పల్లె నుంచి వచ్చిన అమ్మాయి అదే పని చేస్తే మాత్రం మీ జీవితం ఏదమ్మా అంటారు.

చదువుతుండగా నాకో అనుమానం పీకుతూనే ఉంది. ఒరోజీన్లు నిజంగానే ప్రమాదకరం. తర్ఫీదు లేని పసిపిల్ల కోపంలో చుట్టూ ఉన్నవాళ్ళని చంపేయగలదు. అంటే ఊరి భయంలో న్యాయం ఉన్నట్టే కదా? మనల్ని అంటరానివాళ్ళని చేయడానికి అలాంటి కారణం ఏమీ లేదు కదా? ఈ పోలిక మనకే ఎదురు తిరగదా?

సమాధానం మూడో సంపుటంలో ఉంది. సిరీస్‌ని సగంలో వదిలేస్తే అది దొరకదు. వేల ఏళ్ళ కిందట సిల్ అనాగిస్ట్ అనే రాజ్యం ఒక జాతిని జయించింది. ఓడిపోయినవాళ్ళకి తమకన్నా బాగా తెలిసిన విద్య ఒకటి ఉండటాన్ని గెలిచినవాళ్ళు భరించలేకపోయారు. వాళ్ళ ఒంట్లోనే ఏదో తేడా ఉందని పుకారు పుట్టించారు. పండితులు దాన్ని శాస్త్రంగా మార్చారు. ఆ జాతిని తుడిచిపెట్టారు. తర్వాత తమ యంత్రాన్ని నడపడానికి పనిముట్లు కావాల్సొచ్చి, ఆ పుకార్లో చెప్పినట్టే శరీరాల్ని తయారుచేశారు. భయం ముందు పుట్టింది. భయపడాల్సిన ఒళ్ళు ఆ తర్వాత తయారైంది. ఆ శక్తి తర్వాతి తరాలకి పాకింది, ఎలా మొదలైందో అందరూ మర్చిపోయారు. ప్రకృతి ఇలాగే చేసిందని చెప్పుకున్నారు.

ఇది చదువుతుంటే నా బల్ల మీదకి ఇంకో పుస్తకం వచ్చి చేరింది. 1948లో అంబేడ్కర్ రాసిన 'ది అన్‌టచబుల్స్'. అంటరానివాళ్ళు ఎవరు, ఎలా అంటరానివాళ్ళయ్యారు అన్నది అందులో ప్రశ్న. జాతి తేడా వల్ల కాదు, చేసే పని వల్ల కాదు, ఒక కాలంలో కొందరు చేసిన ఏర్పాటు ఇది అని వాదించాడు. దాని ముందుమాటలో ఆయన చెప్పిన ఇంకో సంగతి మన సాహిత్యకారులు చదవాలి. ఆధారాల గొలుసులో లంకెలు తెగిపోయినచోట చరిత్రకారుడు చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదని, ఊహని వాడి ఆ ఖాళీని పూరించి ఒక ప్రతిపాదన చేయొచ్చని ఆయన సమర్థించుకున్నాడు. మన చరిత్రని రాయనివ్వలేదు, రాసినదాన్ని మిగలనివ్వలేదు. అలాంటప్పుడు ఊహ మనకి విలాసం ఎలా అవుతుంది?

"దళిత సాహిత్యం బలమే అనుభవం కదా, దాన్ని వదులుకుంటారా?" అని అడుగుతారు. వదలం. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనవాళ్ళు సాక్ష్యం చెప్పి తీరాలి, చెప్పారు. ఆ సాక్ష్యం లేకపోతే ఈరోజు నేను ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు. కానీ సాక్షి బోనులో నిలబెట్టినవాళ్ళని జీవితాంతం అక్కడే ఉండమంటే ఎలా? చట్టం రాసే బల్ల దగ్గర కూడా మనకి కుర్చీ కావాలి. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. అది రాసేనాటికి అంటరానితనం లేని ఊరు ఎక్కడుంది? లేనిదాన్ని ముందు కాగితం మీద ఊహించి, దాని కోసం దేశాన్ని నడవమన్నారు. అప్పుడు నమ్మశక్యం కాదని తిప్పి పంపి ఉంటే మన గతేంటి?

ఊహ మన ఇంటికి కొత్తది కూడా కాదు. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. కాళిదాసు మేఘాన్ని పంపితే, జాషువా గబ్బిలాన్ని పంపాడు. మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్ళగలదు కాబట్టి శివుడికి విన్నపం దాంతో చెప్పించాడు. గబ్బిలంతో మాట్లాడటం అనుభవమా, కల్పనా? చిందు కళాకారులు ఆడే జాంబపురాణంలో భూమి పుట్టకముందే జాంబవుడున్నాడు. సృష్టికి ముందు నుంచి కథ మొదలుపెట్టే ధైర్యం ఉన్న మనుషులకి అనుభవం దాటి రాయడం చేతకాదని ఎవరు చెప్పారు?

నల్లజాతి రచయితలు ఈ దారి ఎప్పుడో తొక్కారు. డు బోయ్స్ 1920లోనే 'ద కామెట్' అనే కథ రాశాడు. తోకచుక్క వల్ల న్యూయార్క్ శవాల దిబ్బ అయితే ఒక నల్లవాడు, ఒక తెల్ల స్త్రీ మిగులుతారు. లోకం అంతరించిందనుకున్నంతసేపూ ఇద్దరూ మనుషులు. మిగతా తెల్లవాళ్ళు రాగానే మళ్ళీ అతను నల్లవాడు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డు బోయ్స్‌కే.

జెమిసిన్ మూడు సంపుటాలకీ వరసగా 2016, 2017, 2018లో ఉత్తమ నవల హ్యూగో బహుమతి వచ్చింది. వరసగా మూడేళ్ళు అది గెలిచినవాళ్ళు అంతకుముందు లేరు. ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి రచయిత కూడా ఆమే. వెంటనే మొదలైంది గొణుగుడు. తెల్లవాళ్ళు గెలిస్తే ప్రతిభ, మేం గెలిస్తే గుర్తింపు రాజకీయం అంటారా అని 2018 సభలో ఆమె నిలదీసింది. మెరిట్ అనే ఈ పాట మనకి కొత్తా?

2016 అంటే ఇంకోటి కూడా గుర్తుకు రావాలి. ఆ జనవరి 17న రోహిత్ వేముల వెళ్ళిపోయాడు. కార్ల్ సేగన్ లాంటి సైన్స్ రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. ఏడు నెలలకి జెమిసిన్ మొదటి హ్యూగో అందుకుంది. రోహిత్ మరణం మీద చాలా రాశారు. అతను రాయాలనుకున్న పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. మన చావు మీద కవిత వేసుకోవడానికి పత్రికలకి ఏ ఇబ్బందీ లేదు. మనం నక్షత్రాల గురించి రాస్తేనే ఇబ్బంది.

కాబట్టి రాసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్పేది ఇది. వాడ గురించి రాయాలనిపిస్తే రాయండి. శనిగ్రహం గురించి రాయాలనిపిస్తే దాని గురించే రాయండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు జెమిసిన్ని, ఆక్టేవియా బట్లర్‌ని మన తెలుగులోకి తేవడానికి ముందుకు రండి, నా వంతు పని నేను చేస్తాను. లెక్చరర్ మిత్రులారా, ఈసారి ఒక దళిత విద్యార్థి మీ గదిలోకి వస్తే టాపిక్ చెప్పేముందు ఏం చదవడం ఇష్టమో అడగండి.

సంపాదకులకి చెప్పేది ఇంకా చిన్నది. ఈసారి మా కథ మీ బల్ల మీదకి వచ్చినప్పుడు బాగుందో లేదో చూడండి. బాగాలేకపోతే తిప్పి పంపండి, మళ్ళీ రాసుకుంటాం. మా పాత్రలు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో మాత్రం మీరు చెప్పకండి.

జై భీమ్.