తల్లికి దక్కవలసిన జాము

మాతృత్వమును మన దేశము పొగడినంతగా వేఱొక దేశము పొగడియుండదేమో! భూమి మనకు తల్లి, నది తల్లి, నుడి తల్లి. సభలలో పద్యములకు, పండుగలలో హారతులకు, పత్రికలలో ప్రశంసలకు తల్లి కేమియు కొదువ లేదు. కొదువ యైనది కాలమొక్కటియే. వ్రాయగల తల్లికి వ్రాయుటకు, పాడగల తల్లికి సాధన చేయుటకు, చిత్రింపగల తల్లికి కుంచె పట్టుటకు ఒక్క జాము చేతికి చిక్కుట లేదు. పొగడ్త యెంత యిచ్చినను పొగడువానికి నష్టము లేదు. జాము నిచ్చుటకు మాత్రము ఇంటిలో నెవరో యొకరు లేచి పని యందుకొనవలయును. అందుచేతనే మొదటిది విరివిగా లభించుచున్నది, రెండవది లభించుట లేదు.

"బిడ్డను పెంచుటయే తల్లికి మహాకావ్యము, వేఱు కావ్యము లామె కేల?" అని కొందఱు పెద్దలు సెలవిత్తురు. మాట వినుటకు తీయగానే యున్నది. కాని యీ తీపిమాటను తండ్రులతో నెవ్వరును చెప్పరు. కవియైన గృహస్థుని కడకు బోయి, "అయ్యా, తమకు ముగ్గురు బిడ్డలు గలరు, ఆ మూడు కావ్యములు చాలవా?" యని యడిగిన వారిని మే మింతవఱకు చూచియుండలేదు. అతడు వ్రాయునంతసేపు గదితలుపు మూసి, పిల్లలను అల్లరి సేయవలదని మందలించి, వేళకు కాఫీ యందించు చేయి యొకటి యింటిలో నుండును. ఆ చేతికిని కలము పట్టు కోరిక యుండవచ్చునని తలచువారు తక్కువ. మాతృత్వము గొప్పదే; కాదనువా రెవరు? కాని తల్లి యైనంతమాత్రమున స్త్రీకి పుట్టుకతో వచ్చిన ప్రజ్ఞ యామెను విడిచిపోదు. అణగియుండి లోలోపల బాధించును.

మన స్త్రీలు సృష్టిశక్తి లేనివారు కారు. తెలుగుదేశమున దంపుళ్లపాటలు, తిరుగటిపాటలు, జోలపాటలు, పెండ్లిపాటలు ఎన్ని గలవో లెక్కింప నెవరితరము? వానిని కట్టినవారి పేర్లు చాలవఱకు తెలియవు. పాఠకు లొక్క సంగతి గమనింతురు గాక. ఇవి యన్నియు చేతులు పనిలో నున్నపుడు నోట పుట్టినవి. రోకటిపోటుతో నొక పాట, తిరుగటిత్రిప్పుతో నొక పాట, ఉయ్యాలయూపుతో నొక పాట. ఒకరు పాట యెత్తగా వేఱొక రందుకొనిరి. పనియు పంచుకొనిరి, పాటయు పంచుకొనిరి. పరస్పర సాహాయ్యము వారికి క్రొత్త సంగతి గాదు. పదునాలుగేండ్లు నిద్రించిన ఊర్మిళాదేవిని గూర్చిన పాట తెలుగు స్త్రీల నోట చిరకాలము నిలిచినది. కోడికూతకు ముందే లేచువారు ఆ నిద్రను గూర్చి అంత మక్కువతో పాడుకొనిరనగా, అందు వారి కోరికయు కొంత దాగియుండెనని తలచుట తప్పు గాదు.

అయితే పని నడుమ పాట పుట్టును గాని నవల పుట్టదు, చరిత్రగ్రంథము పుట్టదు, వీణ పలుకదు, చిత్తరువు తీరదు. ఇవి కూర్చుండుటకు చోటును, అడ్డులేని వేళను కోరును. మన ప్రాచీన కవయిత్రుల జీవితములే యిందులకు సాక్ష్యము. మొల్ల అవివాహిత యని ప్రతీతి. తరిగొండ వెంగమాంబ బాల్యముననే భర్తను గోలుపోయెనని ప్రతీతి. రంగాజమ్మ, ముద్దుపళని తంజావూరి రాజాస్థానముల నాశ్రయించినవారు. పేరు నిలిచిన వారిలో పెక్కుమంది సామాన్యగృహిణి జీవితమునకు వెలుపల నుండినవారే. 'సుభద్రాకల్యాణము' రచించిన తాళ్లపాక తిమ్మక్క గృహిణి. కాని యామె యిల్లు పదకవితాపితామహుడైన అన్నమాచార్యుని యిల్లు. అట్టి యిండ్లెన్ని యుండును? ఉయ్యాల చెంత కూర్చుండి గ్రంథము వ్రాసిన స్త్రీలు మన చరిత్రలో అరుదగుటకు బుద్ధి కొఱత కారణము గాదు, వేళ కొఱతయే కారణము.

ఈ కొఱతను దాటిన వారి చరిత్రలు తఱచి చూచిన, వెనుక నొక తోడు తఱచుగా కనబడును. భండారు అచ్చమాంబ గారు 1874లో జన్మించి 1905లోనే కీర్తిశేషులైరి. బాల్యముననే తండ్రి గతించెను, బడిచదువు లేదు. వివాహానంతరము వారు భర్తతో మధ్యపరగణాలలో నివసించుచుండగా, తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు వారి యింటనుండి చదువుకొనిరి. అక్క తమ్మునికి నీడ నిచ్చెను; తమ్ముడు అక్కకు విద్య నేర్పెను. ఇందు దాత యెవరు, గ్రహీత యెవరు? ఇద్దఱు నిద్దఱే. కన్న బిడ్డలను పసితనముననే పోగొట్టుకొన్న దుఃఖమును దిగమ్రింగి యామె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించెను. 'ధనత్రయోదశి' మొదలగు కథలు వ్రాసెను. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబ గారితో గలసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పెను. తాను పొందిన తోడును తోడి స్త్రీలకు పంచుటయే ఆ సమాజము పని. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన వారిలోను, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన వారిలోను లక్ష్మణరావు గారి పేరు మనము స్మరించుచున్నాము. ఆ మహాశయుని చదువు అక్క యింట సాగినదను మాటయు దానితో గూడ స్మరింపదగును.

వింజమూరి వెంకటరత్నమ్మ గారు 1917లో 'అనసూయ' యను పత్రికను ప్రారంభించి సంపాదకత్వము వహించిరి. ఆ తల్లి కడుపున పుట్టిన అనసూయాదేవి, సీతాదేవి పెరిగి పెద్దవారై తెలుగు జానపదగేయములకు దేశమంతట గౌరవము సంపాదించిరి. తల్లి పత్రిక నడపినచో బిడ్డలు చెడిపోదురని భయపడువారికి ఆ యిల్లే సమాధానము. బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు 1928 మొదలు 'గృహలక్ష్మి'లో 'శారద లేఖలు' వ్రాయుటతో దృప్తిపడక, 1931లో స్త్రీహితైషిణీ మండలిని స్థాపించిరి. కలమును సంఘమును జంటగా నడువవలెనని వీరందఱు గ్రహించిరి. ఒంటరిగా వ్రాయు స్త్రీ అలసిపోవును. నలుగురి నడుమ నున్న స్త్రీ మరల లేచి వ్రాయును.

ఇది గడచిన కాలపు మాట. నేటి స్థితి యెట్లున్నది? కేంద్రప్రభుత్వ గణాంకశాఖ దేశమంతట ప్రజల కాలవినియోగమును పరిశీలించినది. జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 2019లో 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వెచ్చించిరి. 2024లో నీ లెక్క స్త్రీకి 289, పురుషునికి 88 నిమిషములైనది. స్త్రీకి పది నిమిషములు తగ్గినవని సంతోషింతమా? పురుషునికిని తొమ్మిది నిమిషములు తగ్గినవి! ఆమెకు తగ్గినది ఆతడు పంచుకొన్నందువలన గాదని యంకెలే చెప్పుచున్నవి. పైగా నీ సగటు పని చేసినవారికి మాత్రమే చెందినది. 2019 లెక్క ప్రకారము ఏదేని యొక దినమున ఇంటిపనిలో చేయి పెట్టిన స్త్రీలు నూటికి 81 మంది కాగా, పురుషులు 26 మంది. గ్యాసుపొయ్యి వచ్చెను, మిక్సీ వచ్చెను, కొళాయి వచ్చెను. చీపురు మాత్రము చేయి మారలేదు.

ఇచట మాటను గూర్చి యొక మాట. "మా యింట నేను నా భార్యకు సహాయము చేయుదును" అని కొందఱు విద్యావంతులు గర్వముతో చెప్పుదురు. సహాయమనగా పని యామెదే, దయ యీతనిదని యర్థము. దయ యిష్టమైన నాడు కలుగును, లేనినాడు కలుగదు. కళాసాధన దయపై ఆధారపడి సాగదు. మంగళవారము సాయంకాలము బిడ్డకు అన్నము పెట్టి నిద్రపుచ్చుట తండ్రి వంతని యేర్పడినచో, ఆ మంగళవారము కొఱకు తల్లి మనసులో కథను సిద్ధపఱచుకొనును. కావలసినది వంతు. అన్నదమ్ములు పొలమునకు నీటివంతు పెట్టుకొందురు గాని, రేయి యెవరి కెపుడు దయ కలుగునాయని కాచుకొని కూర్చుండరు గదా!

వేఱొక హెచ్చరికయు నవసరము. తల్లికి తీరిక కల్పించితిమని చెప్పి, ఆ భారమునంతయు ముసలి యత్తగారి నెత్తిననో, పనిమనిషి నెత్తిననో పెట్టుట న్యాయము గాదు. ఒక స్త్రీ వేళను దోచి వేఱొక స్త్రీకి దానము చేయుట సంస్కరణ మనిపించుకొనదు. అమ్మమ్మకును విశ్రాంతి కావలయును. పనిమనిషి నోటను పాట యుండవచ్చును. ఆమె బిడ్డను చూచువా రెవరని యడుగుట మన విధి.

ఇక చేయదగిన పని. ఒక వీథిలో ముగ్గురు తల్లులు గలసికొందురు గాక. ఒకతె వ్రాయును, ఒకతె సంగీతము నభ్యసించును, ఒకతె చిత్రములు వేయును. వారమునకు మూడు మధ్యాహ్నములు నిర్ణయించుకొని, ఒక్కొక్క మధ్యాహ్నము ఒక్కొక్కతె మువ్వురి బిడ్డలను చూచుకొనవలయును. అపుడు ప్రతి తల్లియు ఒక జాము నిచ్చి రెండు జాములు పొందును. ఏ వ్యాపారమున నింత లాభము గలదు? ఇందులకు ధనము వలదు, చట్టము వలదు. నమ్మకము కావలయును, మాట తప్పని నియమము కావలయును.

కూర్చుండుటకు చోటు గ్రంథాలయము లీయగలవు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటనుండి మన పఠనమందిరములు ఎందఱినో తీర్చిదిద్దినవి. కాని మధ్యాహ్నవేళ వానిలో నడుగిడిన, బల్లల చుట్టును పత్రికలు చదువు పురుషులే తఱచుగా కనబడుదురు. స్త్రీ లింటనుండిరనియు, వారు రారనియు పాలకు లందురు. చంకలో బిడ్డ నెత్తుకొని వచ్చినచో ఆ బిడ్డను దింపుటకు చాప యొకటి యున్నదా? బొమ్మలపుస్తకములు గల మూల యున్నదా? ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపు పన్నును ప్రజలందఱు చెల్లించుచున్నారు. అందు తల్లుల భాగము లేకపోలేదు.

చట్టమును మఱచితిమని తలపవలదు. 2017లో సవరించిన ప్రసూతిచట్టము ఉద్యోగినికి 26 వారముల సెలవును, ఏబదిమంది పనిచేయు సంస్థలో శిశుసంరక్షణాలయమును విధించినది. మేలైనదే. కాని ఇంటనుండి కథ వ్రాయు తల్లి యే సంస్థ ఉద్యోగిని? ఆమెకు యజమానియు లేడు, హాజరుపట్టీయు లేదు, సెలవును లేదు. ఆమెకు జాము నీయవలసినది ఇల్లు, ఇరుగుపొరుగు, ఊరి సంఘము.

ఇచ్చినవారికి నష్టమేమియు లేదు. బిడ్డకు అన్నము పెట్టిన తండ్రికి ఆ బిడ్డ మాటలు దక్కును. తల్లి వ్రాయుచుండగా చూచిన కుమారుడు రేపు తన యింట వంతు తప్పింపడు. కుమార్తె తన ప్రజ్ఞను చూచి తానే సిగ్గుపడదు. జాతి కొఱకు త్యాగము చేయుడని మన తల్లులను చిరకాలముగా అడిగితిమి; వారు కాదనలేదు. ఇపుడు వారి కొఱకు ఒక్క జాము త్యాగము చేయవలసిన వంతు మనది. ఈ పత్రికను పఠనమందిరమున చదువు సోదరులు చదువుట ముగించి యింటికి బోయిన పిమ్మట, నేటి సాయంకాలము బిడ్డ నెవరు నిద్రపుచ్చవలయునో విచారింతురు గాక యని కోరుచున్నాము.