బలవంతుడెవరు?

గత మాసం మార్కాపురంలో ఒక వలీమా విందుకు వెళ్ళాము. భోజనాలు ముగిసి పెద్దలు మాటల్లో పడిన వేళ షామియానా మూల నుంచి పిల్లల కేకలు వినిపించాయి. వరసకు అన్నదమ్ములైన ఇద్దరు అబ్బాయిలు సెల్‌ఫోనులో మృగాల పోరాట దృశ్యాలు చూస్తూ వాదానికి దిగారు. ఒకడిది పెద్దపులి పక్షం, రెండవవాడిది సింహం పక్షం. మేము వెళ్ళేసరికి వాదం మాటలు దాటి చేతుల వరకు వచ్చింది. ఒకడి కొత్త చొక్కా గుండీలు తెగాయి, ఇంకొకడి పెదవి చిట్లింది. విడదీసి కూర్చోబెడితే ఇద్దరూ ఒకే ప్రశ్న వేశారు: "తాతా, మీరే చెప్పండి. పులి గెలుస్తుందా, సింహం గెలుస్తుందా?"

ఆ పిల్లల తండ్రులు తోడబుట్టినవారు. ఇంటి వాటా దగ్గర మాటపట్టింపు వచ్చి రెండేళ్ళుగా వారి మధ్య మాటలు లేవు. ఆ రోజు కూడా ఒకరు షామియానా ఈ చివర, మరొకరు ఆ చివర కూర్చున్నారు. పిల్లల గొడవ విని ఇద్దరూ లేచి వచ్చారు గాని, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పిల్లలకు మేము ఆనాడు చెప్పిన జవాబునే మరికొంత వివరంగా ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

సింహానికీ పులికీ పోటీ పెట్టడం మనుషుల ఊహే తప్ప అడవిలో జరిగే విషయం కాదు. మన దేశంలో సింహాలు గుజరాత్‌లోని గిర్ అడవిలోనూ దాని చుట్టుపక్కల ప్రాంతాలలోనూ మాత్రమే ఉన్నాయి. 2025 లెక్కల ప్రకారం వాటి సంఖ్య 891. అక్కడ పులులు స్థిరపడి లేవు, పులులున్న చోట సింహాలు లేవు. మన సింహం కంటే మన పులి సాధారణంగా కొంత బరువైనది. సింహం గుంపు జీవి, పులి ఒంటరి జీవి. సృష్టికర్త ఈ రెంటినీ వేర్వేరు నేలలకు తగినట్లు మలిచాడు.

పిల్లలు అడగవలసిన ప్రశ్న మన ఇంటి వెనుకనే ఉంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం వాసులకు పడమటి దిక్కున కనిపించేవి నల్లమల కొండలు. 1983లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం ఈ కొండలలోనే ఉంది. 2022 గణనలో దేశంలోని పులుల సంఖ్యను 3,682గా అంచనా వేయగా, ఆంధ్రప్రదేశ్‌లో 63 ఉన్నట్లు తేలింది. ఆ పులులకు నల్లమలే ప్రధాన నివాసం. అదే అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు, రేచుకుక్కలు కూడా బ్రతుకుతున్నాయి. ఒకే నీటిగుంట వద్దకు వచ్చే ఈ నాలుగింటిలో బలవంతుడెవరు?

బరువు చూస్తే సందేహమే లేదు. మగ పెద్దపులి 180 నుంచి 250 కిలోల వరకు తూగుతుంది. మగ ఎలుగు 80 నుంచి 145 కిలోలు, మగ చిరుత దాదాపు 50 నుంచి 70 కిలోలు. రేచుకుక్క 20 కిలోలకు మించడం అరుదు. పులి గోళ్ళు ఒరలోని కత్తుల వలె లోపలికి ముడుచుకుని ఉంటాయి, అవసరమైనప్పుడే బయటికి వస్తాయి. కనుకనే వాటి పదును చెడదు. కడితి వంటి పెద్ద జంతువును ఒంటరిగా పడగొట్టగల శక్తి దానిది.

ఇంత బలం ఉండి కూడా పులి ఎదురైన ప్రతి జంతువుతోనూ తలపడదు. 2018లో మహారాష్ట్రలోని తాడోబా అడవిలో సందర్శకులు ఒక పోరాటాన్ని చిత్రీకరించారు. పిల్లతో నీటికి వచ్చిన ఎలుగుబంటి మీదికి ఒక మగ పులి వెళ్ళింది. తల్లి ఎలుగు పారిపోలేదు, ఎదురు తిరిగింది. కిందపడి, గాయపడి, మళ్ళీ లేచి, చివరకు ఆ పులినే తరిమింది. ఎలుగు గోళ్ళు చెదపుట్టలు తవ్వడానికి ఇచ్చినవి, పులి గోళ్ళ వలె ముడుచుకోవు. పై దవడ ముందు భాగంలో రెండు పళ్ళు కూడా దానికి ఉండవు, చెదలను పీల్చుకోవడానికి ఆ ఖాళీ ఉపయోగపడుతుంది. వేటాడే జంతువు కాకపోయినా బిడ్డ కోసం నిలబడినప్పుడు అది అడవి రాజును వెనక్కి నడిపించింది.

చిరుతది వేరొక దారి. పులి తిరిగే చోట అది పోటీకి నిలబడదు. చెట్టెక్కుతుంది, లేదా అడవి అంచుకు తప్పుకుంటుంది. దుప్పి దొరకకపోతే మేకతో, కుక్కతో సరిపెట్టుకుంటుంది. పులి చేతిలో ఓడే ఈ జంతువే మన ఊళ్ళకు దగ్గరగా వచ్చేది. రేచుకుక్క ఒంటరిగా అల్పజీవి, కాని గుంపుగా కదిలితే చిరుత సైతం చెట్టెక్కవలసిందే. వీటన్నింటికంటే చిన్నది ముళ్ళపంది. తొందరపడి దానిమీద పంజా వేసిన పులికి ముళ్ళు దిగి, పుండ్లు పడి, వేటాడే శక్తి పోయిన సందర్భాలున్నాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. అడవిలో వైద్యుడు లేడు. కాలికి దెబ్బ తగిలితే వేట లేదు, వేట లేకపోతే ఆహారం లేదు. గెలిచిన పులి కూడా గాయంతో గెలిస్తే ఆకలితో చావవలసి రావచ్చు. అందుకే పోరాటం వరకు రాకుండా ఉండే ఏర్పాటును ప్రభువు వాటి స్వభావంలోనే ఉంచాడు. పులి చెట్ల మీద గోళ్ళతో గీతలు గీస్తుంది, పొదల మీద తన వాసన వదులుతుంది, మైళ్ళ దూరం వినిపించేలా గాండ్రిస్తుంది. 'ఇది నా హద్దు, తొలగిపో' అని ముందే తెలియజేస్తుంది. రెండవ పులి ఆ గుర్తు గ్రహించి చాలాసార్లు దారి మార్చుకుంటుంది. హద్దు కోసం, జత కోసం ప్రాణాంతకమైన పోట్లాటలు జరగకపోవు. అయితే సెల్‌ఫోనులో పిల్లలు చూసేది ఎన్నో ఏళ్ళలో ఎక్కడో జరిగినవాటిని ఏరి కూర్చిన దృశ్యాలు. తప్పుకుని వెళ్ళిన వేల సందర్భాలను ఎవరూ చిత్రీకరించరు.

మృగాలను పోట్లాడించి వినోదించినది మనుషులే. రోమన్లు ఆ పని చేశారు. ముస్లిం పాలకుల దర్బారులు కూడా ఇందుకు మినహాయింపు కాదని ఒప్పుకోవాలి. 1633లో ఆగ్రాలో షాజహాన్ ఏర్పాటు చేసిన ఏనుగుల పోరాటంలో ఒక ఏనుగు అదుపు తప్పి రాకుమారుడు ఔరంగజేబు మీదికే వచ్చింది. జావా ద్వీపంలోని సుల్తానుల ఆస్థానాలలో పులికీ దున్నకూ పోటీ పెట్టేవారు, ఎక్కువసార్లు దున్నే గెలిచేది. ఆ వినోదం ముగిసింది. వేట వల్లా, అడవుల నరికివేత వల్లా గత శతాబ్దంలో జావా పులి జాతే అంతరించింది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) జంతువులను ఒకదానిపైకి ఒకటి ఉసిగొల్పడాన్ని వారించినట్లు అబూ దావూద్, తిర్మిజీ హదీసు సంకలనాలలో ఉంది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా దీనిని నేరంగానే పరిగణిస్తుంది. సంక్రాంతి కోడిపందేల బరి దగ్గర నిలబడే మన యువకులు ఈ రెంటినీ గుర్తుంచుకోవాలి. నేలపై నడిచే జంతువులూ రెక్కలతో ఎగిరే పక్షులూ మన వంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో బోధించింది. సముదాయమంటే తనకంటూ ఒక జీవన క్రమం కలది. మన పందేనికి పుట్టినది కాదు.

మరొక మాట. చంటిపిల్లల మెడలో ధైర్యం కోసమని పులిగోరు కట్టే ఆచారం మన ప్రాంతంలో కొన్ని ఇళ్ళలో ఇంకా కనిపిస్తున్నది. క్రూరమృగాల చర్మాలను వాడవద్దని ప్రవక్త (స) వారించారు. గోరులో రక్షణ ఉందనుకోవడం తౌహీద్‌కే విరుద్ధం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది జైలుకు దారితీసే నేరం కూడా. అడవిపందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగలు పరిచేవారు కూడా ఆలోచించాలి. ఆ తీగ ముందు పులి బలం పనికిరాదు, తెల్లవారుజామున పొలానికి వెళ్ళే తోటి రైతు బలమూ పనికిరాదు.

మృగాల బలం తెలుసుకోవడంలో ఒక మంచి ప్రయోజనం ఉంది. అది జాగ్రత్త. ఎలుగుకు చూపూ వినికిడీ అంత చురుకైనవి కావు. అకస్మాత్తుగా ఎదురైతే భయంతోనే మీద పడుతుంది. కనుక తునికాకుకో సీతాఫలాలకో వెళ్ళేవారు గుంపుగా, మాట్లాడుకుంటూ నడవాలి. చిరుత కనబడితే పరుగెత్తరాదు, వంగరాదు. నిటారుగా నిలిచి, పిల్లలను మధ్యలో ఉంచుకుని మెల్లగా వెనక్కి జరగాలి. 2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారిలో చిరుత బారిన పడినది ఆరేళ్ళ పసిపిల్ల. చీకటివేళ అడవి అంచున పిల్లలను ఒంటరిగా వదలడం ఎంత ప్రమాదమో ఆ దుర్ఘటన చెబుతున్నది. పెద్దపులి పిల్లలు గాని, ఎలుగు పిల్లలు గాని కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకు కబురు చేయాలి. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు పులికూనలు దొరికాయి. సిబ్బంది తల్లిని వెదికి కలపాలని రాత్రింబవళ్ళు ప్రయత్నించారు, ఫలించలేదు. చివరకు ఆ కూనలను తిరుపతి జంతు ప్రదర్శనశాలకు చేర్చారు. గూటిలోని పిల్లలను తీసుకున్న అనుచరులతో, తల్లి పక్షి తల్లడిల్లుతున్నదని చెప్పి వాటిని తిరిగి ఉంచమని ఆజ్ఞాపించిన ప్రవక్త (స) వృత్తాంతం మనకు తెలిసినదే.

ఇక పిల్లల ప్రశ్నకు వద్దాము. బలవంతుడెవరని ప్రవక్త (స) కూడా అనుచరులతో ప్రస్తావించారు. ఎదుటివారిని కుస్తీలో పడగొట్టేవాడు కాదనీ, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో పెట్టుకునేవాడే బలవంతుడనీ తెలియజేశారు. ఇది బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. యుద్ధరంగంలో అల్లాహ్ సింహమని పేరుపొందిన హజ్రత్ హమ్జా (రజి) వంటి వీరులను తీర్చిదిద్దిన గురువు చెప్పిన మాట ఇది. పిరికితనాన్ని మెచ్చుకున్న మాట కాదు.

"నాయనా, పులి గోళ్ళు ఎందుకు ముడుచుకుంటుందో తెలుసా? వాటిని ఎప్పుడు తీయకూడదో దానికి తెలుసు గనుక" అని ఆ పిల్లలతో అన్నాము. చొక్కా చిరిగినవాడు వెంటనే అడిగాడు: "అయితే తాతా, పులిలాగా దూరంగా పోతే చాలా? వాడితో మాట్లాడకపోతే గొడవ అయిపోయినట్టేనా?"

ఆ ప్రశ్న మమ్మల్ని ఆపింది. తండ్రులిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

చాలదని చెప్పాము. పులికి దూరం చాలు. దానికి నాలుక మీద సలాం లేదు, క్షమాపణ అడిగే భాష లేదు. గీత గీసి తప్పుకోవడమే దాని శాంతి. మనిషికి అల్లాహ్ భాషనిచ్చాడు. అందుకే విశ్వాసి తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇద్దరూ ఎదురుపడి ముఖాలు తిప్పుకున్నప్పుడు, వారిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని కూడా తెలిపారు. కోపాన్ని మింగడం సగం బలం. ముందడుగు వేయడం మిగతా సగం. ఈ పోటీలో గెలిచేది ఎవరో తెలుసుకోవడానికి బరువులు తూచనక్కరలేదు.

పెదవి చిట్లిన పిల్లవాడు కాసేపు నేల చూసి, "అస్సలాము అలైకుమ్" అని గొణిగాడు. రెండవవాడు బదులు చెప్పి, తెగిన గుండీలు ఏరుకోవడంలో పడ్డాడు. పెద్దవాళ్ళ సంగతి మేము చెప్పలేము. మేము బయలుదేరేసరికి వారిలో చిన్నవాడు చెప్పులు వేసుకోకుండా షామియానా మధ్యలో నిలబడి అన్నగారి వైపు చూస్తున్నాడు. అక్కడి నుంచి అన్న కుర్చీ వరకు పది అడుగులు కూడా ఉండవు.

ఈ పుట చదువుతున్న ఇళ్ళలో కూడా అటువంటి పది అడుగులు ఉండి ఉంటాయి. వాటిని దాటే బలాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.