గాజు పెట్టెలో పదిలంగా



పాస్టరు గారు కార్టూను సినిమా గురించి రాయడమేమిటని కొందరు అనుకోవచ్చు. అనుకోండి, ఫరవాలేదు. మన ప్రభువు పోయిన నాణెం గురించి, పిండిలో కలిపిన పులుపు గురించి, సంతవీధిలో కూర్చున్న పిల్లల గురించి కూడా మాట్లాడాడు కదా. నేను చెప్పబోయే సినిమా టాయ్ స్టోరీ 2. పిక్సార్ వాళ్లు 1999లో తీశారు. సెలవుల్లో మా పిల్లలు చూస్తుంటే పక్కన కూర్చున్నాను. సగంలో లేచిపోదామనుకున్నవాడిని చివరిదాకా కదల్లేదు. ఎందుకంటే అందులో బొమ్మలు అడుగుతున్న ప్రశ్న, అంతకు కొన్ని రోజుల ముందు మన సండే స్కూలు టీచరమ్మ నన్ను అడిగిందే.

ఆ సాయంత్రం ఆరాధన అయ్యాక ఆమె ఇలా అన్నది: "అయ్యగారూ, నేనింక మానేస్తానండి. ఒక్కొక్కళ్లకి ముక్కు తుడిచి, పాటలు నేర్పి, వాక్యాలు కంఠస్థం చేయించాను. పదో తరగతి అయితే చాలు, ఒక్కరూ రారు. ఒకడు విజయవాడలో చదువంటాడు, ఇంకొకడు హైదరాబాదులో పనంటాడు. పండక్కి ఊరొచ్చినా ఎదురుపడితే తల తిప్పుకుని పోతారు. ఎవరి కోసమండీ ఇదంతా?" ప్రార్థన చేద్దామమ్మా అన్నాను. జవాబు లేనప్పుడు మా సేవకులందరం చెప్పే మాటే అది.

ఇక సినిమా సంగతి. వుడీ అనేది కౌబాయ్ బొమ్మ. ఆండీ అనే పిల్లవాడికి ప్రాణం. తన పేరు దాని బూటు అడుగున రాసుకున్నాడు. ఒకరోజు ఆటలో వుడీ చెయ్యి భుజం దగ్గర చిరుగుతుంది. ఆండీ దాన్ని ఇంట్లోనే వదిలి శిబిరానికి వెళ్తాడు, వాళ్లమ్మ దాన్ని పై అరలో పెడుతుంది. తర్వాత ఆల్ అనే బొమ్మల దుకాణం యజమాని వుడీని దొంగిలిస్తాడు. వుడీ 1950లలో టీవీలో వచ్చిన ఒక పాత కార్యక్రమంలోని బొమ్మ. ఆ జట్టులోని జెస్సీ, బుల్స్‌ఐ గుర్రం, పీట్ తాత అప్పటికే ఆల్ దగ్గర ఉన్నారు. వుడీ చేరితే జట్టు పూర్తవుతుంది, టోక్యోలోని మ్యూజియానికి మంచి ధరకు అమ్మవచ్చు. అందుకని ఒక ముసలాయన వచ్చి చెయ్యి కుడతాడు, చెంపలకు రంగు వేస్తాడు, బూటు అడుగున ఉన్న ఆండీ పేరు మీద కూడా రంగు పూసేస్తాడు. బొమ్మ కొత్తదైపోయింది, పేరు పోయింది.

జెస్సీ కథ వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. ఆమెకూ ఎమిలీ అనే పాప ఉండేది. ఎమిలీ ఆమెను ద్వేషించలేదు, కొట్టలేదు. పెద్దదయింది, అంతే. మంచం కింద మరచిపోయింది, ఒకరోజు అట్టపెట్టెలో పెట్టి దానంగా ఇచ్చేసింది. టీచరమ్మ బాధ సరిగ్గా ఇదే. తల తిప్పుకుని పోయే పిల్లవాడికి ఆమె మీద కోపమేమీ లేదు. కోపమైనా ఉంటే బాగుండేది, మాట్లాడుకోవచ్చు.

మ్యూజియానికి వెళ్తే ఎవరూ మరచిపోరు, చెయ్యి చిరగదు, తరతరాల పిల్లలు గాజు అద్దంలోంచి చూస్తారు. వుడీ కూడా ఒక దశలో సరేనంటాడు. తర్వాత బూటు మీది రంగు గీకి ఆండీ పేరు మళ్లీ చూసుకుంటాడు. ఆండీ పెద్దవాడవకుండా తాను ఆపలేనని తెలిసే, అయినా ఆ నాలుగేళ్లు తనకు కావాలని తిరిగి వెళ్లడానికి నిశ్చయించుకుంటాడు. జెస్సీని కూడా రమ్మంటాడు.

అడ్డుపడేది పీట్ తాత. ఆయన పెట్టె ఎప్పుడూ విప్పలేదు, ఏ పిల్లా ఆయనతో ఆడలేదు. ఒంటి మీద గీత కూడా లేదు, లోపల మాత్రం విషం. లూకా 19వ అధ్యాయంలో యజమాని ఇచ్చిన మీనాను రుమాలులో కట్టి దాచిన దాసుడు నాకు గుర్తొచ్చాడు. వాడు దొంగిలించలేదు, పాడుచేయలేదు. ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగి తెచ్చాడు. యజమానికి కోపం వచ్చింది అందుకే. మన మందిరం బీరువాలో రంగుల బైబిలు కథల చార్టులు ఉన్నాయి. పిల్లలు చింపేస్తారని తాళం వేసింది నేనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటి కొరింథీయులకు 13:11లో పౌలు పెద్దవాడయ్యాక పిల్లతనం విడిచానంటాడు. ఎదగడాన్ని ఆయన పాపం అనలేదు. మనమే మన పిల్లలు ఎప్పటికీ చేతులూపుతూ అభినయ గీతాలు పాడాలనుకుంటాం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు కష్టమైన ప్రశ్న అడిగితే "విశ్వాసం ఉంచు" అని నోరు మూయిస్తాం. వాడు వెళ్లింది దేవుణ్ణి విడిచో, మన చాపను విడిచో మనకేం తెలుసు? ఆ తప్పులో పెద్ద వాటా నాది.

సినిమాతో నాకు ఒకచోట పేచీ ఉంది. ఆండీ వెళ్లిపోయాక ఏమిటంటే, బజ్ తోడుగా ఉంటాడులే అంటాడు వుడీ. స్నేహితుడి తోడు మంచిదే. అయితే 2010లో వచ్చిన మూడో భాగంలో పదిహేడేళ్ల ఆండీ కాలేజీకి నిజంగానే వెళ్లిపోతాడు. బొమ్మకున్న యజమాని ఎదిగి వెళ్లిపోయే యజమాని. ఇక్కడ బొమ్మ కాలి కింద పిల్లవాడి పేరు ఉంది. యెషయా 49:16లో అందుకు తిరగేసి ఉంది: యజమాని అరచేతుల మీదే మనం చెక్కబడి ఉన్నాం. టీచరమ్మను ఆమె పిల్లలు మరచిపోవచ్చు. నేనూ ఆమె చేసిన పనిని ఎన్నోసార్లు మరచిపోయాను, ఒక్క క్రిస్మస్‌కైనా స్టేజీ మీదికి పిలిచి వందనాలు చెప్పలేదు.

ఈ మాటలన్నీ ఆమెతో చెప్పాను, క్షమించమని కూడా అడిగాను. ఆమె ఆలోచిస్తానండి అన్నది, అంతకుమించి మాటివ్వలేదు. గత ఆదివారం మాత్రం వచ్చి బీరువా తాళం అడిగింది. నోవహు ఓడ చార్టు మొదటి రోజే అంచున చిరిగింది. చించినవాడికి ఐదేళ్లుంటాయి, ఏనుగును దగ్గర నుంచి చూడాలనుకున్నాడట. ఆమె వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి చేతే టేపు అంటించింది.